బల్ల మీద చెయ్యి వేయకండి

సోమవారం పొద్దున్న చిత్రకారిణి వేసుకున్న పథకం చాలా మామూలుది. అందరూ కాఫీలు తాగి లేచాక భోజనాల బల్ల ఎలా ఉంటే అలా బొమ్మ వేయడం. శనివారం ఆర్ట్ గ్యాలరీ నడిపే మేడమ్ స్వయంగా ఇంటికొచ్చి చూస్తారు. నచ్చితే వర్ధమాన చిత్రకారుల ప్రదర్శనలో మిగిలిన ఒకే ఒక్క చోటు ఆమెదే. నచ్చకపోతే ఇంకో ఏడాది పాటు చుట్టాల దగ్గర "మా కోడలు బొమ్మలూ అవీ వేస్తుందిలెండి" అన్న పరిచయంతోనే సరిపెట్టుకోవాలి. ఆ "అవీ" అన్న మాట ఆమె ఒళ్ళు మండించేది.

బల్ల మీద పేపరు, పేపరు మీద అత్తగారి కళ్ళజోడు, పక్కనే భర్త స్కూటర్ తాళంచెవి, సగం ఒలిచి వదిలేసిన అరటిపండు ఉన్నాయి. ఇవి కాక ఒక గాజుగ్లాసు, అందులో నీళ్ళు, ఆ నీళ్ళలో మామగారి పళ్ళసెట్టు. కాఫీ తాగేటప్పుడు ఆయన పళ్ళు తీసి పక్కన పెట్టుకుంటారు. రుచిలో పళ్ళకు వాటా ఎందుకని ఆయన వాదన.

"ఎవరూ బల్ల మీద చెయ్యి వేయకండి! శనివారందాకా ఇవన్నీ ఇలాగే ఉండాలి" అని కేకేసింది చిత్రకారిణి.

"మరి నా తాళంచెవి?" అన్నాడు భర్త, ఆఫీసు సంచి భుజాన తగిలించుకుని.

"అది బొమ్మలో ఉందండీ."

"నేను ఆఫీసుకెలా వెళ్ళను?"

"బస్సులో."

అత్తగారు కళ్ళజోడు వైపు చెయ్యి చాపి, కోడలి మొహం చూసి వెనక్కి తీసుకుంది. "పోనీలే అమ్మాయ్, నీ పని పైకొస్తే మాకంతే చాలు" అంది మనస్ఫూర్తిగానే. మామగారు కూడా ఏదో ఆశీర్వదించారు గానీ, పళ్ళు బొమ్మలో ఉండటంవల్ల అదేమిటో ఎవరికీ తెలియలేదు.

ఆ త్యాగబుద్ధి ఒక్క రోజు బతికింది. భర్త బస్సులో ఎవరి మోచెయ్యో డొక్కలో పెట్టుకుని ఆఫీసు చేరాడు. అత్తగారు కాఫీలో ఉప్పు కలిపింది. మామగారు మూడు పూటలా జావ తాగి, గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

మంగళవారం ఇంకా ఎవరూ లేవకముందే భర్త స్కూటర్ తాళంచెవి జేబులో వేసుకుని, దాని స్థానంలో బీరువా తాళంచెవి పెట్టాడు. చప్పుడు కాకుండా స్కూటర్‌ని వీధి చివరిదాకా తోసుకుపోయి, అక్కడ స్టార్ట్ చేశాడు. తాళంచెవి తాళంచెవే కదా, ఎవరు చూడొచ్చారని అతని ధైర్యం.

చూడటమే వృత్తిగా పెట్టుకున్న మనిషి ఇంట్లోనే ఉందన్న సంగతి అతనికి తట్టలేదు. చిత్రకారిణి కుంచె పట్టుకుని బల్ల వైపు చూసి ఆగిపోయింది. నిన్న తను పొట్టిగా వేసిన తాళంచెవి ఇవాళ జానెడు పొడుగుంది. చూసింది చూసినట్టు వేయాలని బొమ్మల మాస్టారు నేర్పిన పాఠం. తప్పు తనదేననుకుని, పొట్టిదాని మీద పొడుగుది వేసింది. సాయంత్రం భర్తను అడిగింది కూడా.

"ఏమండీ, మీ తాళంచెవి అంత పొడుగా?"

"పక్కనుంచి చూస్తే పొడుగేలే" అన్నాడతను, చెప్పులు విప్పుకునే నెపంతో తలవంచుకుని.

బుధవారం అత్తగారి వంతు. తన కళ్ళజోడు తీసుకుని, పెట్టె అడుగున పడి ఉన్న పాత గుండ్రటి జోడు పేపరు మీద పెట్టింది. ఆరేసిన దుప్పటి చాటున నిలబడి వారపత్రిక చదువుకుంది. గురువారం మామగారు ఎప్పుడో మానేసిన పాత పళ్ళసెట్టు గ్లాసులో వేసి, అందులో ఉన్నది నోట్లో పెట్టుకుని, కండువా మూతికి అడ్డం పెట్టుకుని ఏదో నమిలారు. తప్పు చేసింది తనొక్కడేనని ముగ్గురిలో ఎవరికి వారికే నమ్మకం.

చిత్రకారిణి మతి మాత్రం పోతోంది. పలకలు పలకలుగా వేసిన కళ్ళజోడు గుండ్రంగా మారింది. గ్లాసులో పళ్ళు నిన్నటికన్నా వెడల్పుగా నవ్వుతున్నాయి. ఇంట్లో ఒక్క అరటిపండే నిజాయితీగా రోజురోజుకీ నల్లబడుతోంది. మిగతావన్నీ చెరిపి, దిద్ది, మళ్ళీ వేసి, చివరికి కళ్ళడాక్టరు దగ్గరికి పరిగెత్తింది. అక్షరాల అట్ట మొత్తం చదివి, అడుగున ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివింది.

"మీ కళ్ళకేం కాలేదమ్మా. ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అన్నాడు డాక్టరు మెల్లగా.

శుక్రవారం ఆమె కుంచెలు కడిగి, వంటింటి గడప మీద కూలబడి ఏడ్చింది. "నాకు చూడటమే చేతకావట్లేదు. ఇంక బొమ్మలెందుకు? రేపు పొద్దున్నే మేడమ్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను."

ఆ మాట ముగ్గురూ విన్నారు. శనివారం తెల్లవారేసరికి ఒకరికి తెలియకుండా ఒకరు ఎవరి వస్తువు వాళ్ళు బల్ల మీదికి చేర్చేశారు.

ఫోన్ చేయబోయే ముందు ఆఖరిసారి బల్ల చూసిన చిత్రకారిణి పెట్టిన కేకకు ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది.

"అన్నీ మళ్ళీ సోమవారంలాగా అయిపోయాయి! నాకు పిచ్చి పట్టిందండీ!"

"పిచ్చేం లేదమ్మా, నేనే. ఒక్క కళ్ళజోడే మార్చాను" అంది అత్తగారు కళ్ళొత్తుకుంటూ.

"నేనూ ఒక్క తాళంచెవే" అన్నాడు భర్త.

మామగారు కూడా ఏదో ఒప్పుకున్నారు. మాట అర్థం కాకపోయినా వేలు గ్లాసు వైపే ఉంది.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట!" అని ఆమె మొహం వెలిగింది. ఆ వెలుగుతోనే కాన్వాసు వైపు తిరిగి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. బల్ల మీద సోమవారం ఉంది, బొమ్మలో వారమంతా ఉంది. అప్పుడే తలుపు గంట మోగింది.

గ్యాలరీ మేడమ్ కాన్వాసు ముందు చాలాసేపు నిలబడ్డారు. పొడుగు తాళంచెవి కింద నుంచి పొట్టిది తొంగిచూస్తోంది. కళ్ళజోడుకు నాలుగు అద్దాలున్నాయి. ఒకే గ్లాసులో రెండు నోళ్ళు నవ్వుతున్నాయి.

"ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అన్నారావిడ.

"నలుగురమండీ" అంది చిత్రకారిణి, ఆశ వదిలేసుకున్న గొంతుతో.

"ఒక్కరికీ కాలు నిలవదనుకుంటాను. ఇందులో ప్రతి వస్తువునూ ఎవరో ఇప్పుడే తీసుకుని, ఇప్పుడే పెట్టినట్టుంది. ఎన్ని ఇళ్ళ బొమ్మలు చూశాను, మనుషులు ఇలా తిరుగుతున్న ఇల్లు చూడలేదు. ఇది నేను తీసుకుంటున్నాను."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. చిత్రకారిణికి మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఒక్కటే లోటు" అంటూ ఫోటో తీయడానికి మేడమ్ తన కారు తాళంచెవి బల్ల మీద పెట్టి, ఫోన్ తీశారు. "ఈ కుడి మూల వెలితిగా ఉంది. అక్కడేదో పడాలి. రేపటిలోగా వేసి పంపండి."

కారు తాళంచెవి బల్ల మీద సరిగ్గా ఆ మూలే పడి ఉంది. చిత్రకారిణి ఒక కన్ను మూసి చూసింది. చెయ్యి దానంతటదే కుంచె అందుకుంది. ఆ చూపు ఎరిగిన ముగ్గురూ ఒకేసారి బల్లకు దూరంగా జరిగారు.

"మేడమ్, దయచేసి బల్ల మీద చెయ్యి వేయకండి" అంది చిత్రకారిణి.

గ్యాలరీ మేడమ్ ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్ళారు.