వెంకటనర్సమ్మ గోడలో రివాల్వర్

పాలకుర్తి ఆటోలు ఆఖరున ఆగే మా ఊరికి మొన్నటి వేసవిలో చరిత్ర దొరికిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అంతకుముందు మా దగ్గర వడ్లు, పత్తి మాత్రమే దొరికేవి.

చరిత్ర బయటపడింది వెంకటనర్సమ్మ మట్టిగోడలో. డెబ్బై ఎనిమిదేళ్ల ఆ ఒంటరి ముసలామెకు ప్రభుత్వం ఇల్లు మంజూరు చేసింది. పాత గోడ కూలుస్తున్న మేస్త్రీ తుల్సీరాం గడ్డపారకు ఖంగుమని ఏదో తగిలింది. మైనపు గుడ్డ విప్పితే లోపల బరువైన రివాల్వర్, పిడి కింద వేలాడే ఇనుప కడియం. తుల్సీరాం దాన్ని కింద పెట్టి, చేతులు కడుక్కుని, ఠాణాకు ఫోన్ చేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో జరిగిన తెలివైన పని ఇదొక్కటే కాబట్టి ముందే నమోదు చేస్తున్నాము.

కానిస్టేబుల్ వచ్చి రివాల్వర్ తీసుకెళ్తూ, అది ఏ రకమో, ఎంత విలువైనదో తేలేదాకా గోడను ఎవరూ ముట్టరాదన్నాడు. సగం కూలిన గోడ పక్కన టార్పాలిన్ కట్టుకుని వెంకటనర్సమ్మ కాపురం పెట్టింది. వానలకు ఇంకా నెల రోజులుంది.

సర్పంచ్ కాటమయ్య ఊరుకోలేదు. హైదరాబాద్‌లో పాత వస్తువులు కొనే ఒకాయనకు ఫోటో పంపాడు. "ఇనుముకు ధర ఉండదండీ, కథకు ఉంటుంది. ఎవరు పట్టుకున్నారు, ఎవరిని కాల్చారు, అది చెప్పండి," అన్నాడాయన. ఆ మాట మా ఊళ్లో ఆటో ఎక్కినప్పుడు రివాల్వర్ ధర ఐదు లక్షలు. పాలకుర్తిలో దిగేసరికి కోటి.

మర్నాటి నుంచి పంచాయతీ ఆఫీసులో వాంగ్మూలాలు స్వీకరించారు. పదిహేడు మంది తాతలు ఆ రివాల్వర్‌తో నిజాం మీద పోరాడినట్టు తేలింది. వారిలో ఇద్దరు అప్పటికింకా పుట్టలేదు గానీ, త్యాగానికి వయసుతో పనేముంది? దొరకు వంగి దండం పెట్టిన తాత మా ఊళ్లో ఒక్కడూ లేడు. వాళ్లంతా పక్క ఊరివాళ్లై ఉండాలి.

చిక్కల్లా ఒక్కటే. కాల్చినవాళ్లు పదిహేడు మంది ఉన్నా, దెబ్బ తిన్నవాడు లేడు.

"ఎవలన్న ఒక్కలు గోలి తిన్నట్టు రాయున్రి. లేకుంటె ధర రాదట," అని కాటమయ్య బతిమాలాడు.

చివరికి యాకయ్య ముందుకొచ్చాడు. "మా తాత కుంటెటోడు. తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు గని, జర సదిరితె గోలి అయితది."

సదిరారు. ఎడమ కాలు అని రాశారు.

వెంకటనర్సమ్మ రోజూ ఆఫీసుకొచ్చి గుమ్మంలో నిలబడేది. "నన్నడుగున్రి కొడుకా. నిజాం జమానల మిలిట్రీ లారీలకెల్లి పెట్టె కింద పడ్డదట. మా మామ గిది దొరికిచ్చుకొని ఠాణల ఇద్దామని పోతె, సాబ్ లేడు, రేపు రమ్మన్నరట. మూడు దినాలు తిరిగిండు. దొంగతనం మీద పడ్తదని భయపడి గోడల పెట్టిండు."

"అవ్వా, కోటి రూపాల ముచ్చట నడుస్తాంటె నడుమ గీ ముచ్చట తేకు," అన్నాడు కాటమయ్య. "చెప్పుకునేటందుకు జర ఇజ్జత్ ఉండాలె."

నెల గడిచింది. మొదటి వానకే టార్పాలిన్ చిరిగింది. తన ఇంటికి రమ్మని తుల్సీరాం పిలిచాడు. బియ్యం సంచి మీద తడి కొంగు కప్పుకుని కూర్చున్న వెంకటనర్సమ్మ కదల్లేదు. "నేను లేకుంటె ఇల్లు వద్దన్నదని రాసుకుంటరు బిడ్డా," అంది. ఆమె గొంతు వణకడం వాన వల్లేనని మేమంతా అనుకున్నాము. అలా అనుకోవడం సులువు.

ఆ వారమే ఆయుధాల నిపుణుడు కైసర్ రివాల్వర్‌తో సహా వచ్చాడు. ఊరంతా పోగైంది. ఆయన బొటనవేలితో మీట నొక్కి రివాల్వర్‌ను నడుమకు మడిచి తెరిచాడు. గొట్టంలోకి లైటు కొట్టి చాలాసేపు చూశాడు.

"వెబ్లీ. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, బ్రిటిష్ ఆఫీసర్లు వాడెటోళ్లు. కంపెనీల పూసిన గ్రీజు గొట్టంల అట్లనే గడ్డకట్టి ఉన్నది. బయటికొచ్చినంక దీంట్లకెల్లి ఒక్క గోలి పోలేదు."

పదిహేడు కుటుంబాలు మౌనం పాటించాయి.

"సార్, గిప్పుడన్న ఒక్కసారి పేల్చరాదు?" అన్నాడు కాటమయ్య.

"ఎవల మీద?"

కుటుంబ అనుభవం దృష్ట్యా అందరూ యాకయ్య వైపు చూశారు. యాకయ్య ఆటో వైపు చూశాడు.

కైసర్ ముసలామెను పిలిచి, ఆమె చెప్పిందంతా రాసుకున్నాడు. రివాల్వర్ సర్కారు సొత్తు, అమ్మకానికి లేదు అన్నాడు. అప్పుడామె భయంభయంగా అడిగింది. "ఇగ గోడ కట్టుకోవచ్చునా, సారూ?"

"గోడతోని నాకేం పని అవ్వా? నన్నెవ్వలూ అడగనే లేదు."

 వెంకటనర్సమ్మ అక్కడే కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా కాసేపు ఊగింది. తుల్సీరాం ఆ సాయంత్రమే పునాదికి ముగ్గు పోశాడు. దసరాకు ఇంటికి పైకప్పు వేశాడు.

నివేదిక మీద గ్రామసభ లోతుగా చర్చించి, గ్రీజును ఏకగ్రీవంగా ఖండించింది. ఆఫీసు ముందు నల్లరాతి పలక వెలిసింది. దాని మీద బంగారు రంగులో పదిహేడు పేర్లు, కింద యాకయ్య తాత పేరు, పక్కన 'క్షతగాత్రుడు' అని. మూడు రోజులు ఠాణా చుట్టూ తిరిగిన మనిషి పేరు లేదు. తిరగడం పోరాటం కిందికి రాదని తేల్చారు.

పలక అడుగున రెండు వరుసలు ఖాళీగా ఉంచారు. పాఠకులు తమ తాతగారి పేరు పంపవచ్చు. ఫోటో అవసరం లేదు. రుజువు అసలే వద్దు.