నార్మల్ అనే మాయరోగం

ఇల్లాలికి రోగాన్ని మించిన వరం ఇంకొకటి లేదు! కోప్పడకండి. ఉదయగిరి పక్క పల్లెలో ఉండే రెబెకమ్మ సంగతి విన్నాక, మీ ఇంట్లో ఆడవాళ్ళకూ ఒక చిన్న నొప్పి రావాలని మీరే మొక్కుకుంటారు.

రెబెకమ్మ ఇంట్లో కుర్చీలు రెండే. ఒకటి ఆమె మొగుడు, బడిపంతులు హెన్రీ సారుది. రెండోది అత్త శీనమ్మది. రెబెకమ్మకు కుర్చీ ఎందుకు, కూర్చునే తీరిక ఉంటే గదా! తెల్లారకముందు గేదె పాలు, ఆ తర్వాత వంట, బట్టలు, వాటర్ ప్లాంటు నుంచి నడుం మీద నీళ్ళ క్యాను. ఆమె తిన్నదా లేదా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడగడానికి ఆమె ఏమన్నా చుట్టమా?

అప్పుడు వచ్చింది, దేవుడు పంపినట్టు, నడుం నొప్పి!

దానికి దక్కిన మర్యాద ఏం చెప్పమంటారు! హెన్రీ తన టీ తానే పెట్టుకున్నాడు. చక్కెర డబ్బా ఎక్కడుంటుందో పెళ్ళయ్యాక మొదటిసారి కనిపెట్టాడు. శీనమ్మ అంతటి మనిషి “కాసేపు నడుం వాల్చు” అన్నది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు “మా సహోదరి రెబెకమ్మ” అని మైకులో ప్రార్థన చేస్తే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతదాకా ఆమెను అందరూ హెన్రీ సారు భార్య అనేవాళ్ళే. ఒళ్ళు బాగున్న ఏ ఆడమనిషి పేరు మైకులో వినబడిందో చెప్పండి చూద్దాం?

ఇక ఆత్మకూరు ఆస్పత్రి ప్రయాణం. బస్సులో కిటికీ పక్క సీటు, చేతిలో గిన్నె లేదు, నడుం మీద క్యాను లేదు. ఉదయగిరి కొండ వెనకబడేసరికి నొప్పి సగం తగ్గింది. ఆస్పత్రి హాల్లో పక్కన కూర్చున్న రేణుకాదేవి అనే ఆవిడ “నీకేంది కష్టం అక్కా” అని అడిగి, చెప్పిందంతా అడ్డుపడకుండా వినింది. మిగతా సగమూ పోయింది. అప్పటికి ఒక్క మాత్ర కూడా మింగలేదు సుమండీ!

ఇంతలో కొంప మునిగింది. రక్తపరీక్ష నార్మల్. స్కానింగ్ నార్మల్. హెన్రీ ముఖం వెలిగింది, రెబెకమ్మ ముఖం వాడింది. ఈ శుభవార్త తల్లికి ఫోన్లో చెప్పడానికి హెన్రీ బయటికి పోయాడు. అదే అదను అనుకొని రెబెకమ్మ డాక్టరమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

“మేడమ్, మా ఆయనకు ఏదో ఒక రోగం పేరు చెప్పండి. చిన్నదైనా చాలు.”

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. “లేని రోగం చెప్పకూడదమ్మా. నీ నొప్పి మాత్రం నిజమే. మనసు మోయలేని బరువు ఒక్కోసారి నడుం మీద పడుతుంది. అది స్కానింగ్‌లో కనపడదు.”

హెన్రీ లోపలికి రాగానే అతనికీ ఇదే చెప్పింది. మధ్యాహ్నం పూట ఆమెను పడుకోనివ్వమంది, ఇంటిపనిలో ఒక చెయ్యి వెయ్యమంది. హెన్రీ చెవికి మాత్రం నార్మల్ ఒక్కటే ఎక్కింది. ఊళ్ళో ఎదురుపడిన వాళ్ళందరికీ “ఏం లేదంట” అని చెప్పుకుంటూ ఇంటికొచ్చాడు.

చూశారా, ఈ నార్మల్ ఎంత మాయరోగమో! “ఏం లేదన్నారు గదా, ఇంక లెయ్యి” అన్నది శీనమ్మ. పాస్టరుగారు దేవుడికి స్తుతి చెల్లించి ప్రార్థనలోంచి ఆమె పేరు తీసేశారు. రిపోర్టు వచ్చిన సంగతి నొప్పికి ఎవరూ చెప్పలేదు కాబోలు, అది మళ్ళీ వచ్చింది. రెబెకమ్మ పక్కకు ఒత్తిగిల్లలేకపోయేది. నొప్పి అంటే చాలు, పని దొంగను చూసినట్టు చూసేవాళ్ళు. ఆమెకు నడుంకన్నా ఆ చూపే ఎక్కువ నొప్పి పుట్టించింది.

అలాగని హెన్రీ చెడ్డవాడేం కాదు. డాక్టరమ్మ మాట ఆలస్యంగా గుర్తొచ్చి, ఒకరోజు వాటర్ ప్లాంటుకు తానే పోయి క్యాను ఎత్తాడు. ఒకే ఒక్క క్యాను. నడుం అక్కడికక్కడే పట్టేసింది. మర్నాడే ఆత్మకూరు, అదే డాక్టరమ్మ, అదే స్కానింగ్. నార్మల్!

మంచం మీద బోర్లా పడుకున్న కొడుక్కి శీనమ్మ నూనె రాస్తూ కూర్చుంది.

“మిషన్లకేం తెలుసు నాయనా. నొప్పి నీకుండాదా, మిషన్‌కుండాదా? నువ్వు కదలబాక. ఏమే రెబెకా, అబ్బయ్యకు టీ తీసకరా.”

గమనించారా పాఠకులారా? మొగవాడి నడుం దగ్గరికి వచ్చేసరికి ఆ మిషనే అబద్ధాలకోరు అయిపోయింది!

రెబెకమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో టీ లేదు, చాప ఉంది. దాన్ని హెన్రీ మంచం పక్కనే పరిచి, మెల్లగా నడుం వాల్చింది.

“ఆయనకేం లేదంట అత్తా. చక్కెర డబ్బా ఎక్కడుండాదో ఆయనకు తెలుసు.”