మొదటి బోర్డుకు పసుపు

దసరా పొద్దున ఇస్తారి వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు హోటల్ మేనేజరు వచ్చేలోపు దుకాణం ఊడ్చి, పనిముట్లకు పూజ చేసి, ఏమీ జరగనట్టు నిలబడాలి.

ఒమాన్‌లోని సీబ్ తీరంలో ఆ సర్ఫ్ దుకాణం పెట్టి పాతికేళ్ళయింది. అలల మీద నిలబడి స్వారీ చేసే బోర్డులు అమ్మడం, అద్దెకివ్వడం, విరిగినవి అతకడం అక్కడి పని. ఎదుటి సముద్రంలో మాత్రం ఏడాదికి పట్టుమని పది రోజులు కూడా అల లేవదు. కొన్నవాళ్ళు బోర్డును కారు మీద కట్టుకుని గంటల తరబడి ప్రయాణించి అలలుండే అష్ఖరా తీరానికి పోవాలి. రెండేళ్ళ కిందట గోను తుఫాను వచ్చినప్పుడే దుకాణం ముందు అసలైన అలలు లేచాయి. అవి లోపలికే వచ్చి సగం సరుకు పట్టుకుపోయాయి. గోడ మీద ఛాతీ ఎత్తున ఆ నీటి చార ఇంకా ఉంది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేయడానికి ఆ గోడ కూడా కూలుస్తారట.

మిగిలిన ఆశ ఒక్కటే. అవతలి పెద్ద హోటల్ వాళ్ళు దుకాణాన్ని తమ ఆవరణలోకి తీసుకోవచ్చు, అదీ గోడకు వేలాడే మొదటి బోర్డు నచ్చితే. ఆ బోర్డును తన చేతులతో చెక్కానని, దానితోనే దుకాణం మొదలైందని పనివాళ్ళు అర్బాబు అని పిలిచే యజమాని సాలిం పాతికేళ్ళుగా వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. తెల్ల రంగు మీద నల్లగా ఆయన రాసుకున్న పేరుంది.

ఇస్తారి వీసా ఆ దుకాణం పేరు మీదే ఉంది. పద్నాలుగేళ్ళుగా బోర్డులు అతకడం తప్ప అతను వేరే పని నేర్వలేదు. ఊరికి పోదామంటే జగిత్యాల చుట్టుపక్కల సముద్రం లేదు.

ఏటా సాండ్ పేపరుకు, బ్రష్షుకు ఒక్కో బొట్టు పెట్టి ఊరుకునేవాడు. సాలింకు తెలుసు, చూడనట్టు ఉండేవాడు. చుక్కలతో సరిపెట్టినందుకే ఇలా అయిందేమోనని ఈసారి ఇస్తారికి అనిపించింది. మొదటి బోర్డును దించి, నిలువెల్లా పసుపు పూసి, కుంకుమ పెట్టి, "అమ్మా, నా వీసా కాపాడు. దుకాణం గూడ" అని దండం పెట్టాడు.

సాలిం ఇంట్లో పనిచేసే కడప మల్లీశ్వరి టీ ఫ్లాస్కుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందన్నా, పలకకు కామెర్లు తగిలినట్టుండాది."

"పూజ చెల్లె. తుడుస్తే పోతది."

తుడిచాడు. పోలేదు. రంగు పాతదై నెర్రెలిచ్చింది, పసుపు వాటిలోకి దిగింది.

"అర్బాబు ఆ మేనేజరును పిలుచుకొచ్చేకి పోయినాడు. అరగంటలో ఈడుంటారు" అంది మల్లీశ్వరి. "సబ్బు పెట్టి రుద్దు."

పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో వంట చేసే ఇద్దరికీ తెలియాలి. కంగారులో ఇద్దరికీ గుర్తు రాలేదు. బోర్డు ఎర్రగా తిరిగింది, దాని మీద ఎవరినో నరికినట్టు.

"నువ్వు జెప్తేనే పెట్టిన" అన్నాడు ఇస్తారి.

"పసుపు కూడా నేను చెప్తేనే పూసినావా?"

ఇక సబ్బుతో లాభం లేదు. బ్రష్షులు కడిగే ఎసిటోన్ గుడ్డకు పట్టించి రుద్దాడు. ఎరుపు పోయింది. దానితో సాలిం పేరూ, దాని చుట్టూ ఉన్న తెల్ల రంగూ పోయాయి. గుంట పడినట్టున్న చోటును సమం చేద్దామని సాండ్ పేపరు పట్టాడు. ఇంకో పొర లేచింది. అడుగున ఒక ఆకుపచ్చ ఖర్జూర చెట్టు, దాని కింద ఏడు అంకె బయటపడ్డాయి.

"ఈ చెట్టెవరు గీసినారు?"

"నాకేం ఎరుక? పట్టు, గోడ దిక్కు తిప్పుదాం."

బోర్డును వెనక్కి తిప్పి తగిలించేసరికి కారు ఆగింది. మేనేజరు నిసార్ అహ్మద్ హైదరాబాదు మనిషి, మర్యాదస్థుడు. అతని కోటు జేబు మీద దారంతో కుట్టిన ఖర్జూర చెట్టుంది. ఇస్తారి గోడ దిక్కు తిప్పిన బోర్డు వైపు చూశాడు.

"ఈ రెండు చేతులతో చెక్కాను" అంటూనే సాలిం బోర్డును ఇటు తిప్పాడు.

నిసార్ తన జేబు మీది చెట్టునూ, బోర్డు మీది చెట్టునూ మార్చి మార్చి చూశాడు. సముద్రం అలవాటు ప్రకారం చప్పుడు చేయలేదు.

"ఇది మా హోటల్ నిషానీ సాబ్" అన్నాడు నిసార్ మెల్లగా. "హోటల్ తెరిచిన సంవత్సరమే పన్నెండు బోర్డులు సముద్రంల కొట్టుకపోయినయని మా రికార్డుల ఉంది. ఇది ఏడోది."

సాలిం స్టూలు మీద కూర్చున్నాడు. "అప్పుడు నేను చేపలు పట్టేవాణ్ణి. వలలో పడింది. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని మూడు నెలలు చూశాను. రాలేదు. రంగు వేశాను." తర్వాత ఇస్తారి వైపు తిరిగాడు. "పాతికేళ్ళలో దీన్ని కడగాలని ఎవరికీ తోచలేదు."

"మాఫ్ చెయ్యి అర్బాబ్."

"నువ్వు తుడిచింది అబద్ధమే కదా" అన్నాడు సాలిం. ఆ మాట అన్నప్పుడు ఆయన బోర్డును చూడలేదు.

హోటల్ వాళ్ళకు బోర్డు చాలా నచ్చింది. తమ చరిత్ర తమకే దొరికాక దుకాణంతో అవసరం లేకపోయింది. బోర్డును లాబీలో పెట్టారు. దాన్నీ, అతిథుల బోర్డులనూ చూసుకోవడానికి మనిషి కావాలని ఇస్తారి వీసాను తమ పేరు మీదికి మార్చుకున్నారు. దుకాణం గోడ చలికాలంలోపే కూలింది, నీటి చారతో సహా. గురువారం సాయంత్రాలు సాలిం లాబీలో కూర్చుని అది వలలో ఎలా పడిందో చెబుతాడు. నిజం చెప్పేటప్పుడు ఆయన గొంతు అంతగా పలకదు.

ఇస్తారికి ఒక్కటే సందేహం మిగిలింది. ఆ పొద్దున తాను వీసా పేరు ముందు తీశాడా, దుకాణం పేరా? బాగా గుర్తుంది, అదే బాధ. అమ్మవారు వరుస చూసుకునే ఇస్తుందా అని అడగడానికి అక్కడ ఎవరూ లేరు.

మరుసటి దసరాకు, కూలిపోయినా సరే ఈసారి దుకాణం గురించే ముందు మొక్కుకుందామని, బోర్డుకు పూజ చేసుకోనివ్వమని హోటల్‌కు దరఖాస్తు పెట్టాడు. మంజూరైంది, పసుపు వాడరాదని కింద ఒక గమనిక ఉంది.