ప్రశ్న పూర్తి కాకముందే

క్యాసెట్ పోయిందని తెలిసింది ఒక ఆదివారం ఉదయం. ఆ రోజుకు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ కలుపుకోవాలి, వంటింటి బల్ల ముందు కూర్చోవాలి, టేప్ రికార్డరులో క్యాసెట్ పెట్టి మీట నొక్కాలి. భార్య పోయిన తరువాత ఆ మీట నొక్కడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఆ ఉదయం చాలింది. బీరువా తెరిచి చూస్తే క్యాసెట్ లేదు.

అది ఒకప్పుడు రేడియోలో వచ్చిన హైస్కూలు క్విజ్ ఫైనల్. ఆ రోజుల్లో ఆదివారం ఉదయం ఆ కార్యక్రమం మొదలైతే వీధిలో సైకిళ్ళు కూడా నెమ్మదించేవి. స్టూడియోలో బల్లకు ఆ చివర ఒక బడి, ఈ చివర ఒక బడి, ఒక్కో జట్టులో ఇద్దరు పిల్లలు. ఒక జట్టుకు సైకిలు బెల్లు, ఇంకో జట్టుకు ఆఫీసు బల్ల మీద ఉండే గంట. ఏది ముందు మోగిందో చెవులతోనే తేల్చేవారు. తరువాత టీవీ వచ్చింది, రంగు దీపాలు వచ్చాయి, పిల్లలకు ఇస్త్రీ చొక్కాలు వచ్చాయి. ఆ తరువాత పోటీయే పోయింది. టేపులు ఖరీదు కనుక రేడియో వాళ్ళు ఈ వారం క్విజ్ మీదే వచ్చే వారం పాడిపశువుల సలహాలు రికార్డు చేసేవారు. అలా పోటీలన్నీ గేదెల కింద పడి పోగా, ఆ ఫైనల్ ఒక్కటే మాస్టారి బీరువాలో మిగిలింది.

దాన్ని రికార్డు చేసింది ఆయన భార్యే. రేడియో పక్కన టేప్ రికార్డరు పెట్టి, ఎర్ర మీట నొక్కి, తన వంట తాను చేసుకుంటూ పోయింది. రేడియోతో పాటు ఆవిడ మాటలూ అందులో పడ్డాయి. ఇంట్లో ఆవిడ ఫోటోలు చాలా ఉన్నాయి. గొంతు మాత్రం ఆ క్యాసెట్‌లోనే ఉంది.

మాస్టారు ముందుగా ఆనాటి తన బడి జట్టు కెప్టెనుకు ఫోన్ చేశారు. ఆ కెప్టెను ఇప్పుడు పళ్ళ డాక్టరు.

"ఏరా, మన ఫైనల్ క్యాసెట్ నువ్వేమైనా..."

"దొంగతనం!" అన్నాడు డాక్టరు. "మీరేం ముట్టుకోకండి సార్, వేలిముద్రలు చెరిగిపోతాయి. వచ్చేస్తున్నా!"

ఫోన్ పెట్టేశాడు. ఇందులో తప్పెవరిదని అడిగితే మాస్టారిదే అనాలి. "ప్రశ్న మొత్తం విన్నవాడు ఇంటికి పోతాడు, సగంలో గంట కొట్టినవాడు కప్పుతో పోతాడు" అని పిల్లలకు ఆయనే నూరిపోశారు. బడి వదిలి ఇన్నేళ్ళయినా వాళ్ళకు ఆ పాఠం వదల్లేదు. డాక్టరు ఇప్పటికీ రోగి నోరు తెరవగానే పన్ను పీకడానికి సిద్ధపడతాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

డాక్టరు దారిలోనే జట్టులోని రెండో మనిషికి ఫోన్ చేశాడు. ఆవిడ ఇప్పుడు లాయరు. "సార్ ఇంట్లో..." అనగానే "ఫిర్యాదు రాసుకొస్తా" అని ఆవిడ పెట్టేసింది. ఇద్దరూ గుమ్మం దగ్గర కలుసుకున్నారు. డాక్టరు వెనకాల దవడలో దూది కుక్కుకున్న మనిషి ఒకడు నిలబడ్డాడు.

"ఈయనెవరురా?" అన్నారు మాస్టారు.

"నా పేషెంటు సార్, వడ్రంగి. మత్తు ఇచ్చేశాను, మధ్యలో వదిలేస్తే బాగుండదని తీసుకొచ్చా."

"మ్మ్," అన్నాడు వడ్రంగి, నమస్కారం పెడుతూ.

లాయరమ్మ కలం తీసింది. "సార్, ఈ మధ్య ఇంట్లోకి ఎవరొచ్చారు?"

"మా బావమరిది తప్ప ఇంకెవ..."

"చాలు." బావమరిది కాగితం మీదకు ఎక్కిపోయాడు.

"అది కాదమ్మా, వాడు..."

"పారిపోయాడా? అదీ రాస్తాను."

ఈలోగా డాక్టరు వరండాలోకి వెళ్ళి రేడియో స్టేషనుకు ఫోన్ కలిపాడు. అక్కడి ప్రోగ్రాం ఆఫీసరు మరెవరో కాదు, ఆ ఫైనల్లో గెలిచిన బడి కెప్టెను. "మా ఫైనల్ టేపు విషయం..." అని డాక్టరు మొదలుపెట్టాడో లేదో, అవతలి గొంతు లేచింది.

"ఫలితం మీద అభ్యంతరమా? ఇన్నేళ్ళ తరవాతా? ఉండు, నేనే వస్తున్నా!"

అన్న మాట ప్రకారం వచ్చాడు. ఉత్త చేతులతో రాలేదు. పాత క్విజ్ పోటీల చరిత్ర మీద స్టేషనులో ఏదో కార్యక్రమం తయారవుతోందట, దానికోసం గోడౌనులోంచి తీయించిన సైకిలు బెల్లు, బల్ల గంట సంచిలో వేసుకొచ్చాడు. వాటిని వంటింటి బల్ల మీద పెట్టి, ఆ రోజు కూర్చున్న వైపే కూర్చున్నాడు. డాక్టరూ లాయరమ్మా ఎదురుగా కూర్చున్నారు. ముగ్గురి జుట్టూ నెరిసింది, మోచేతులు మాత్రం అప్పటిలాగే బల్ల మీదకు వచ్చాయి.

"ఆఖరి ప్రశ్న అన్యాయం," అన్నాడు డాక్టరు.

"నువ్వు తొందరపడితే అన్యాయమా? సూర్యుడికి అతి దగ్గర గ్రహం అనగానే బుధుడు అని అరిచావు. ప్రశ్న అది కాదుగా! సూర్యుడికి అతి దగ్గర గ్రహం బుధుడైతే, దాని తరవాతది ఏదని!"

"చదివినాయన మధ్యలో ఆగాడు!"

"ఊపిరి పీల్చుకున్నాడయ్యా! పీల్చుకోకూడదా?"

"ఇదిగో, వినండి, ఆ క్యాసెట్..." అన్నారు మాస్టారు. రెండు గంటలూ ఒకేసారి మోగాయి. డాక్టరు "మా దగ్గర లేదు!" అన్నాడు, ఆఫీసరు "సాక్ష్యం అక్కర్లేదు!" అన్నాడు. ఎవరు ముందు కొట్టారన్న దాని మీద ఇంకో తగాదా మొదలైంది. మూల నిలబడ్డ వడ్రంగి కిటికీ రెక్కను కట్టి ఉంచిన దారాన్ని వేలితో లాగి చూసి, విరిగిన గడియ చూపిస్తూ "మ్మ్, మ్మ్" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

సరిగ్గా అప్పుడే కూరల సంచితో బావమరిది వచ్చాడు. బల్ల మీద కాగితం చూశాడు. తన పేరూ, పక్కన 'పరారీలో ఉన్నాడు' అన్న మాటా చదువుకున్నాడు.

"బావగారూ! నేను దొంగనా? అక్క ఉంటే ఈ మాట పడనిచ్చేదా?"

"అది కాదురా, నేను..."

"క్షమాపణ అక్కర్లేదు!" అన్నాడు. వాడు క్విజ్ ఆడలేదు గానీ, ఆ ఇంట్లో పెరిగాడు.

మాస్టారు ముందుకు వంగి బల్ల గంట అందుకున్నారు. కొట్టారు. ఒక్కసారి కాదు, అందరి నోళ్ళూ మూతపడేదాకా కొట్టారు. గంట ఎవరు కొడితే మాట వాళ్ళదే. ఆ నియమం ముగ్గురికీ ఇంకా గుర్తుంది.

"ప్రశ్న నాది. చివరిదాకా వినండి," అన్నారాయన. "నాకు ఫైనల్ అక్కర్లేదు. ఎవరు గెలిచారో నాకు తెలుసు. అందులో వంటింట్లోంచి మాట్లాడిన మనిషి గొంతు కావాలి. అది ఎవరి దగ్గరుంది?"

ఎవరూ గంట ముట్టుకోలేదు.

బావమరిది సంచి కింద పెట్టాడు. "రేడియో వాళ్ళు పాత రికార్డింగులు కావాలని ప్రకటించారు బావగారూ. పోయిన వారం మిమ్మల్ని అడిగానుగా. బీరువాలో ఉన్న పాత... అనేసరికి 'తీసుకుపో' అన్నారు."

మాస్టారికి గుర్తొచ్చింది. పాత పేపర్లనుకున్నారు. ప్రశ్న పూర్తిగా వినలేదు.

ఆఫీసరు బల్ల మీంచి మోచేతులు తీశాడు. "అది మీదని నాకు తెలీదు సార్. కవరు మీద పేరు లేదు. టేపు పాతదైపోయి ఒక్కసారి తిరిగాక ముక్కలైపోయింది. అయితే ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించాం. కానీ..." ఆయన గొంతు తగ్గించాడు. "మధ్యమధ్యలో ఎవరో ఆవిడ మాట్లాడుతుంటే, ప్రసారానికి బాగుండదని ఆ మాటలన్నీ తీసేయించాను."

డాక్టరు లేచి నిలబడ్డాడు. లాయరమ్మ కొత్త కాగితం తీసింది.

"పూర్తిగా చెప్పనీయండి," అన్నారు మాస్టారు.

"తీసేసిన ముక్కలు మా కుర్రాళ్ళు పారేయరు సార్. విడిగా దాస్తారు."

స్టేషనుకు ఫోన్ చేస్తే కాసేపటికి అవి ఆఫీసరు ఫోన్‌లోకి వచ్చాయి. ఫోన్‌ను రెండు గంటల మధ్య పెట్టారు. అందులో క్విజ్ లేదు. ప్రశ్నలూ లేవు. ఆవిడ ఒక్కతే ఉంది. "రాగి," అంది. గిన్నె చప్పుడైంది. "పద్దెనిమిది... కాదు కాదు, పదహారు." కాసేపటికి, "అయ్యో, ఆగరా నాయనా, ఆయన్ని చెప్పనీ! శుక్రుడు."

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆఫీసరు సైకిలు బెల్లును నెమ్మదిగా అతని వైపు జరిపాడు.

చివర్లో గొంతు దగ్గరగా వినిపించింది. "ఏమండీ, పోటీ అయిపోయిందిగా. ఇప్పుడైనా చెప్పండి, ఆ కిటికీ గడియ ఎప్పుడు బాగుచేయిస్తారు?"

అందరూ కిటికీ వైపు చూశారు. రెక్కకు ఆవిడ కట్టిన దారం అలాగే ఉంది. వడ్రంగి నోట్లోంచి దూది తీశాడు.

"ఇందాకట్నుంచీ అదేగా నేను మొత్తుకుంటున్నది! ఇంటికెళ్ళి పనిముట్లు తెచ్చుకుంటే ఇట్టే అయిపోతుంది. తెమ్మంటారా?"

మాస్టారు ఆ ప్రశ్న మొత్తం విన్నారు. లేచి వెళ్ళి ఆవిడ వేసిన ముడిని ముట్టుకుని చూశారు.

"ఇవాళ వద్దులే నాయనా," అన్నారు.

గడియ ఇంకా బాగుచేయించలేదు.