మూడు రోజుల బుధవారం

బుధవారం పొద్దున లహరి అనుకున్న పనులు మూడే. అమ్మ కంట్లో చుక్కల మందు వేయాలి. మేడ మీదికి వెళ్ళి అమ్మ గదిలోని దీపాలను నడిపే ప్రోగ్రాము మొదలుపెట్టాలి. ఎనిమిదింటికి ఆఫీసు మీటింగులో కూర్చోవాలి. మూడూ అనుకున్నట్టే చేసింది. అన్నీ అనుకున్నట్టు జరిగే పొద్దులను నమ్మకూడదని ఆ పిల్లకి అప్పటికింకా తెలియదు.

ఆమె తల్లి శేషారత్నానికి ముందురోజే నరసరావుపేటలో శుక్లం తీశారు. మూడు రోజులు ఎండలోకి, దుమ్ములోకి వెళ్ళొద్దని, వెళ్తే నల్ల కళ్ళజోడు పెట్టుకోమని మాత్రమే డాక్టరు చెప్పాడు. కానీ శేషారత్నం తల్లికి కంటి ఆపరేషను చేసిన రోజుల్లో మనిషిని చీకటి గదిలో పడుకోబెట్టేవారు. అందుకని ఆవిడ ఇంటికి వస్తూనే పడగ్గది కిటికీలకి దుప్పట్లు కట్టించింది.

"మూడు రోజులు ఈ గడప దాటను. శనివారం మాత్రం నన్నెవరూ ఆపొద్దు" అంది.

శనివారం సాయంత్రం రొంపిచెర్లలో ఆవిడ చెల్లెలు పద్మజ కూతురికి నిశ్చితార్థం. సత్తెనపల్లి సంబంధం. దాన్ని వెతికిందీ, మాట్లాడిందీ, రెండుసార్లు చెడబోతే నిలబెట్టిందీ శేషారత్నమే. తాను లేకుండా తాంబూలాలు మార్చుకుంటే ఆపరేషనైన కంటితోనే ఏడుస్తానని ముందే అందరికీ చెప్పి ఉంచింది.

చీకట్లో అమ్మకి పొద్దెలా పోతుందా అని లహరి బెంగపడి, గదిలో నాలుగు స్మార్ట్ బల్బులు పెట్టింది. ఫోనులో నొక్కితే వాటికి వచ్చేవి ఐదారు రంగులే. ప్రోగ్రాములు రాయడం తెలిసినవాళ్ళ కోసం కంపెనీవాళ్ళు ఏపీఐ అని ఇంకో దారి పెట్టారు. దాని గుండా ఏ నిమిషానికి ఏ రంగు, ఎంత వెలుగు కావాలో బల్బుకి కబురు పంపవచ్చు. లహరి ఒక రోజు మొత్తాన్ని అలా రాసింది. తెల్లవారుజాము, ఎండ, పొద్దుగూకడం, వెన్నెల. అయితే రోజంతా కూర్చుని పరీక్షించే తీరిక లేక, రోజుని గంటన్నరలో తిప్పేటట్టు వేగం పదహారుకి పెంచి చూసుకుంది. రంగులు ఎంత ముద్దొచ్చాయంటే, ఆ మురిపెంలో వేగాన్ని తిరిగి ఒకటికి తగ్గించడం మరిచిపోయింది.

ఏడున్నరకి గదిలో తెల్లవారింది. గోడలు ముందు బూడిదరంగులో, ఆ తరువాత దానిమ్మ గింజల రంగులో మెల్లగా తేలాయి. శేషారత్నం లేచి కూర్చుని ఆ వెలుగు వైపు చూస్తూ ఉండిపోయింది. పక్క మంచం మీద ఆవిడ భర్త నాగభూషణరావు కూడా అదే పని చేశాడు. ఆయన బస్టాండులో ముప్ఫై మూడేళ్ళు కంట్రోలర్‌గా మైకులో బస్సుల వేళలు చెప్పి చెప్పి విసిగిపోయాడు. రిటైరైన రోజున చేతి గడియారం బీరువాలో పడేశాడు. గోడ గడియారం ఆగిపోతే బ్యాటరీ మార్చలేదు. ఇప్పుడాయనకి పొద్దు తెలిసేది వెలుగుని బట్టే.

ఇడ్లీ తినేసరికి మధ్యాహ్నమైంది. కొంచెం మాట్లాడుకునేసరికి గోడల మీద పసుపు, పసుపు మీద కుంకుమ కమ్ముకుంది. శేషారత్నం బల్బుకి దండం పెట్టుకుంది. కూలర్ చప్పుడులో బయటి లోకం ఏదీ వినపడటం లేదు. మాత్రల మత్తులో ఆవిడకి, ఏ మత్తూ లేకుండానే ఆయనకి నిద్రపట్టింది. లేచేసరికి మళ్ళీ దానిమ్మ రంగు.

"గురువారం వచ్చింది" అంది శేషారత్నం.

నాగభూషణరావు గడ్డం గీసుకోబోయి ఆగాడు. "ఏమే, గడ్డం పెరగలేదే."

"వయసు మీదపడితే అన్నీ తగ్గుతయ్."

"ఆకలి కూడా లేదు."

"చెప్పాగా."

ఆయన హాల్లోకి వెళ్ళి పేపరు తెచ్చుకుని చదివాడు. అవే ఉపన్యాసాలు, అవే రోడ్డు ప్రమాదాలు, అదే మిర్చి ధర. నిన్నటి పేపరులాగే ఉందని అనుకున్నాడు గానీ, ఏ రోజు పేపరు మాత్రం అలా లేదు గనుక పట్టించుకోలేదు.

శుక్రవారం తెల్లవారాక శేషారత్నం ముఖం ముడుచుకుంది. "చూశారా, కన్నకూతురు. బుధవారం మందేసి పోయింది, మళ్ళీ తొంగిచూడలేదు. పైనే ఉందిగా, మెట్లు దిగటానికి ఏమైంది?"

"ఆఫీసు పనే. చానా పని ఉంటదంట."

"మూడు రోజులు దిగకుండానా?"

పైన లహరి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ రోజు మూడో మీటింగులో ఉంది.

ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం చాలా అందంగా వచ్చింది. గదంతా మాగిన మామిడిపండు రంగు. మాచర్ల బస్టాండులో పనిచేసిన రోజుల గురించి, అక్కడి అద్దె ఇంటి గురించి ఆయన ఏదేదో చెప్పాడు. ఆవిడ వింటూ నిజంగానే నవ్వింది. ఉద్యోగంలో ఉండగా ఆయన ఏ సాయంత్రమూ ఇంటి పట్టున లేడు. ఒకదాని వెంట ఒకటి వచ్చిన ఈ మూడు సాయంత్రాలూ ఆయనకి ఎంతో నచ్చాయి. రోజులు తొందరగా పోతున్నాయని అనిపించింది, సుఖంగా ఉన్నప్పుడు అంతేలే అనుకున్నాడు.

శనివారం తెల్లవారింది. బయట అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. శేషారత్నం పట్టుచీర కట్టుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని, పళ్ళెంలో పళ్ళు సర్దుకుంది. నాగభూషణరావు టైమూ తేదీ ఏనాడూ సరిచేసుకోని తన పాత బటన్ల ఫోనులోంచి ఆటో యాసిన్‌కి ఫోను చేశాడు. కూతురికి చెప్పి వెళ్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"మూడు రోజులు మనం గుర్తురాని పిల్లకి ఇప్పుడు చెప్పేదేంది?"

గుమ్మం దాటగానే ఎండ నెత్తిన పడింది. "ఇప్పుడేగా తెల్లారింది, ఇదేం ఎండండీ?"

"మూడు రోజులు ఎండ మొహం చూడలా గదా, అట్టాగే ఉంటది" అన్నాడు ఆయన.

దారిలో యాసిన్ మర్యాదకి పలకరించాడు. "ఆపరేషన్ ఎప్పుడైంది పెద్దమ్మా?"

"మంగళవారం."

"నిన్ననా?"

"నిన్నేందయ్యా, నాలుగు రోజులైంది."

యాసిన్ హ్యాండిల్ మీదే వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. రెండుసార్లు మడిచినా లెక్క కుదరలేదు. ఎదురుగా లారీ రావడంతో లెక్క వదిలేసి రోడ్డు చూసుకున్నాడు.

రొంపిచెర్లలో పద్మజ ఇంటి ముందు షామియానా లేదు. వంటల వాసన లేదు. పద్మజ పాత చీరలో, తలకి గుడ్డ చుట్టుకుని వాకిట్లో మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. శేషారత్నం ఆటో దిగి ఒక్క క్షణం చూసింది. నిశ్చితార్థం తప్పిపోయిందనీ, కంటికి మంచిది కాదని తనకి చెప్పకుండా దాచారనీ ఆవిడకి అర్థమైపోయింది. అక్కడే ఏడ్వడం మొదలుపెట్టింది.

గది దాటకూడని అక్క పట్టుచీరలో వచ్చి వాకిట్లో ఏడుస్తుంటే పద్మజకి ఇంకోటి అర్థమైంది. సత్తెనపల్లివాళ్ళు ఈసారి నిజంగానే వద్దన్నారు, ఆ మాట ఫోనులో చెప్పలేక అక్క స్వయంగా వచ్చింది. ఆమె మిరపకాయల చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాత ఆమె ఏడుపు ఆపడం ఎవరి వల్లా కాలేదు.

ఇద్దరూ ఇలా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నాగభూషణరావుకి రోషం వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి అమరేశ్వరరావుకి ఫోను చేశాడు.

"ఏం బావగారూ, ఇది పద్ధతేనా? ఇక్కడ ఆడవాళ్ళు ఏడస్తా ఉంటే మీరింకా ఇంట్లోనే ఉన్నారా?"

అవతల అమరేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. "ఇవ్వాళ్నా బావగారూ?"

"మరెప్పుడు?"

అమరేశ్వరరావు మతిమరుపు మనిషి. సొంత మేనల్లుడి పెళ్ళికి మర్నాడు వెళ్ళినవాడు. ముప్ఫై మూడేళ్ళు మైకులో టైము చెప్పిన మనిషి రోజు తప్పు చెప్తాడని ఆయనకి తట్టనే లేదు. తప్పు తనదేననుకుని, భార్య ముందు ఆ మాట ఒప్పుకోలేక, "వాళ్ళు ముందుకి జరిపారు, మాట్లాడకుండా ఎక్కండి" అని అందరినీ కారెక్కించాడు. పెళ్ళికొడుకు అఖిల్‌ని షాపులోంచి టీషర్టుతోనే లాక్కొచ్చాడు.

పన్నెండూ ముప్పావుకి అమ్మకి అన్నం పెడదామని కిందికి దిగిన లహరికి ఖాళీ గది కనపడింది. చూస్తుండగానే ఆ గదిలో పొద్దుగూకి వెన్నెల కాసింది. అయిదు నిమిషాలు అలా నిలబడ్డాక ఆమెకి విషయం బోధపడింది. నాన్న ఫోనూ, పిన్ని ఫోనూ కలవలేదు. పట్టుచీర పెట్టె తెరిచి ఉండటం చూసి, రొంపిచెర్లకి బయల్దేరింది.

బస్సు దొరికి ఆమె వెళ్ళేసరికి నాలుగు దాటింది, వాకిట్లో పెళ్ళికొడుకువాళ్ళ కారు ఆగి ఉంది. పద్మజ మొహం కడుక్కుని కొత్త చీర కట్టుకుంది. ఎదుటివాళ్ళే ముందుకి జరిపారని పద్మజావాళ్ళూ, పెళ్ళికొడుకువాళ్ళూ అనుకుంటున్నారు, శేషారత్నం దంపతులు అది శనివారమేననుకుంటున్నారు గనుక ఎవరూ ఎవరినీ అడగలేదు. కబురుపెడితే వచ్చిన పురోహితుడు పంచాంగం మూస్తూ, "శనివారం మీరు పట్టుబట్టారు గానీ, ఈ బుధవారం సాయంత్రమే దివ్యంగా ఉందమ్మా" అన్నాడు.

"బుధవారమేంది?" అంది శేషారత్నం.

లహరి మొత్తం చెప్పింది. బల్బులు, వేగం పదహారు, ఒకటి. నాగభూషణరావు చేత్తో గడ్డం తడుముకున్నాడు. అమరేశ్వరరావు జీవితంలో మొదటిసారి భార్య వైపు తలెత్తుకుని చూశాడు.

శేషారత్నం మాత్రం తాంబూలం పళ్ళెం అందుకుంది. "వాళ్ళొచ్చారు, నేనున్నా, ముహూర్తం బాగుంది. ఇంకేం కావాలి? మార్చుకోండి."

తాంబూలాలు మారాయి. అఖిల్ టీషర్టుతోనే కూర్చుని బొట్టు పెట్టించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో లహరి తల్లి చెయ్యి పట్టుకుంది.

"నాలుగున్నర గంటలే అమ్మా. మూడు రోజులు కాదు."

"బల్బుకి నాలుగున్నర గంటలేమో. నువ్వు వస్తావని నేను చూసింది మూడు రోజులే" అంది శేషారత్నం, కోపం లేకుండానే.

లహరికి ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దున్నే వేగం ఒకటి చేసి, ఆఫీసు బల్ల, కంప్యూటరు కిందికి దింపించి, తల్లి మంచం పక్కనే వేసుకుంది. మీటింగుల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా తల్లి మాట్లాడింది, కూతురు విన్నది. ఒక్కోసారి మీటింగులోవాళ్ళు కూడా విన్నారు. గోడల మీద ఎండ తీరిగ్గా పాకి, తీరిగ్గా పసుపైంది. దాని మీద కుంకుమ కమ్మగానే శేషారత్నం బల్బు వైపు అనుమానంగా చూసింది.

"అప్పుడే పొద్దుగూకిందేందే? నీ బల్బులు మళ్ళీ పాడైనట్టున్నయ్, చూడు."

లహరి ప్రోగ్రాము తెరిచి చూసింది. వేగం ఒకటే ఉంది.