లోలకంగారి మామగారు

ఆదివారం పొద్దున కళ్ళద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, మామగారిని ఇంటర్నెట్‌లో పాత గడియారాల చర్చావేదికలో చేర్పించి, ఆయన అందులో మునిగిపోగానే తాను వెనక గదిలో ఆగిపోయిన గోడగడియారం ముందేసుకుని కూర్చోవాలి. అంతే. అతనికి కళ్ళద్దాల దుకాణం ఉంది కాబట్టి వీధిలో అందరికీ అతను కళ్ళద్దాలాయనే.

మామగారు బస్సు డిపోలో కంట్రోలరుగా రిటైరయ్యారు. మైకు డిపోలోనే ఉండిపోయింది గాని గొంతు ఆయనతోపాటు వచ్చేసింది. కూతురింటికి చేరినప్పటి నుంచి ఆయన చెయ్యి పడని వస్తువు లేదు. కారుతున్న కుళాయి బిగిస్తే కింది వాటావాళ్ళ పడగ్గదిలో వాన కురిసింది. కిర్రుమంటున్న తలుపును ఊడదీస్తే, అది ఇప్పటికీ గోడకి జారబడి ఉంది. కిర్రుమనడం మాత్రం మానేసింది. మొన్న ఆయన చూపు గోడగడియారం మీద పడేసరికి అల్లుడు దాన్ని దించి వెనక గదిలో పెట్టేశాడు.

"నాన్నకి మీ గడియారాలవాళ్ళ వ్యవహారమేదో నేర్పించరాదూ? ఆ చేతులు కాసేపు ఊరుకుంటాయి" అంది భార్య.

ఆవిడకి తెలియని సంగతి ఒకటుంది. ఆ వేదికలో అతని పేరు లోలకం. గడియారాల గురించి అతను రాసింది ఏనాడూ ఎవరూ పట్టించుకోలేదు. 'పిచ్చాపాటీ' విభాగంలో 'మా మామగారి మరమ్మతులు' మొదలుపెట్టాక మాత్రం జనం విరగబడి చదువుతున్నారు. తనలో ఇంత రచయిత దాగి ఉన్నాడని అతనికే తెలియదు. తరువాతి భాగం ఎప్పుడని అడిగేవాళ్ళు ఎక్కువయ్యేసరికి, మామగారు ఏమీ పాడుచెయ్యని రోజున అతనికి కాస్త దిగులుగా కూడా ఉండేది.

"ఇది కొత్తవాళ్ళ విభాగం మామయ్యగారూ. ముందు ఇక్కడ అందరికీ నమస్కారం చెప్పి, మీ గురించి రెండు ముక్కలు రాయండి."

"అన్ని ప్లాట్‌ఫారాలకీ ఒకే అనౌన్స్‌మెంటన్నమాట. తర్వాత?"

"ఒక్కో విషయానికి ఒక్కో వరస ఉంటుంది. ఎవరికి జవాబు చెబుతున్నారో వాళ్ళ కిందే రాయాలి. ఒక్కరికే చెప్పాలనుకుంటే వాళ్ళ పేరు మీద నొక్కితే విడిగా రాసుకోవచ్చు. ఇక్కడ ఎవరూ అసలు పేరు పెట్టుకోరు."

"అయితే నేను కంట్రోలర్. మరి నీ పేరేమిటి ఇందులో?"

కళ్ళద్దాలాయన చప్పున కంప్యూటరులో ఇంకో పేజీ తెరిచాడు. "నేను ఊరికే చదివి వచ్చేస్తానండీ."

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. "ఆ చివర పిచ్చాపాటీ అని ఉంది చూశారా, అటు మాత్రం వెళ్ళకండి. అంతా పనికిమాలిన సరుకు" అని కూడా చెప్పి, తన తెలివికి తానే మురిసిపోతూ వెనక గదిలోకి వెళ్ళాడు.

గడియారం వెనక పలక విప్పాడో లేదో, హాల్లోంచి డిపో అంతటికీ వినిపించే గొంతు లేచింది. మామగారికి ఏది చదివినా పైకి చదవడం అలవాటు.

"'మామగారు కుళాయి మీద చెయ్యి వెయ్యగానే నేను చెప్పులు తీసి అటక మీద పెట్టాను. కాసేపటికి కింది వాటావాళ్ళు బకెట్లతో పైకొచ్చారు. నీళ్ళు అడగడానికి కాదు, తిరిగి ఇచ్చెయ్యడానికి.' అమ్మాయ్, నవ్వలేక చస్తున్నానే! ఎవరో లోలకమట. పాపం, అతనికి దొరికిన మామ ఉన్నాడే, మహానుభావుడు!"

కూరలు తరుగుతున్న కూతురి చేతిలో కత్తి ఆగింది. "ఏదీ, ఇంకోసారి చదువు నాన్నా. మనింట్లో జరిగినట్టే ఉంది."

"ఛ! మనింట్లో పోయింది కాసిని నీళ్ళే కదా. వీళ్ళది వరద."

కళ్ళద్దాలాయన పిల్లిలా వెళ్ళి వైఫై స్విచ్చి కట్టేశాడు.

"పోయింది! మంచి పట్టులో ఉండగా పోయింది!" మామగారు కుర్చీలోంచి లేచారు. "స్క్రూడ్రైవర్ ఎక్కడ? ఆ పెట్టె ఓసారి విప్పి చూస్తాను."

"వద్దండీ! వచ్చేసింది, వచ్చేసింది!" అని అల్లుడు పరిగెత్తి స్విచ్చి వేశాడు.

ఇక లాభంలేదని, ఫోన్‌లో వేదిక నిర్వాహకులకు రాశాడు: 'నా రచనలు ఏమంత గొప్పవి కావు, దయచేసి తొలగించండి.' ఇంత పేరున్నవాడికి ఇంత వినయమా అని వాళ్ళు కరిగిపోయి, ఆ వరస మొత్తాన్ని మొదటి పేజీలో అన్నిటికంటే పైన పెట్టారు. కొత్తగా చేరినవాళ్ళు తప్పక చదవాలని ఒక మాట కూడా జతచేశారు.

"చూశావా అమ్మాయ్! చదవమని వాళ్ళే అంటున్నారు. 'మా పడగ్గది తలుపు ప్రస్తుతం సెలవులో ఉంది...'"

కూతురు గోడకి జారబడ్డ తలుపు వంక చూసింది. హాల్లో చదువు ఆగి, టకటకా టైపు చేస్తున్న చప్పుడు మొదలైంది. కాసేపటికి టేబుల్ మీద మొగుడు మరిచిపోయిన ఫోను టింగుమంది. ఆవిడ దాన్ని తీసి నెమ్మదిగా చదివింది. కత్తి అక్కడే పెట్టి వెనక గదిలోకి వచ్చింది.

"ఏమండీ లోలకంగారూ, మీకు కంట్రోలర్‌గారు కబురు పంపారు."

అతను లేచి నిలబడ్డాడు. ఒళ్ళోని స్ప్రింగులన్నీ నేలపాలయ్యాయి. ఫోనులో ఇలా ఉంది:

'మీ మామగారి సంగతులు చదివి చాలా నవ్వుకున్నాను. తర్వాత కొంచెం ఆలోచన పట్టుకుంది. నేనూ కూతురింట్లోనే ఉంటున్నాను. ఊరికే కూర్చుని తినడానికి మనసొప్పక ఏదో ఒకటి బాగుచెయ్యబోతాను. ఒకటి రెండు సరిగా కుదరలేదు. మా అల్లుడు వద్దు అనడు, సరే అనడు, పక్కన కూర్చుని మాట్లాడనూ మాట్లాడడు. అల్లుళ్ళ మనసు మీకు తెలుసు గనక అడుగుతున్నాను. ఇతనితో ఎలా మసలుకోవాలి?'

కళ్ళద్దాలాయన అది రెండుసార్లు చదివాడు. ఇన్నాళ్ళూ తాను రాసిన చమత్కారాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, ఒక్కటీ నవ్వు తెప్పించలేదు. భార్య తిట్టినా బాగుండుననిపించింది. జరిగింది చెప్పేద్దామని నేరుగా హాల్లోకి వెళ్ళాడు.

"మామయ్యగారూ, మీతో ఒక మాట..."

మామగారు తల ఎత్తకుండానే వేలు చూపించారు. "తర్వాత, తర్వాత. ఇక్కడ ఒక పెద్దమనిషి నాకు జవాబు రాయబోతున్నాడు."

అతను వచ్చినదారినే వెనక్కి తిరిగాడు.

"రాయండి మరి, పెద్దమనిషీ" అంది భార్య, పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటూ. అతను రాశాడు, ఆవిడ కొట్టేయించింది. మళ్ళీ రాశాడు. చివరికి ఇద్దరికీ ఒప్పుదలైన జవాబు వెళ్ళింది: 'ఓపిక పట్టండి. మీ అల్లుడికి మీరంటే గౌరవం ఉండే ఉంటుంది, పైకి చెప్పడం చేతకాదేమో. ఈ సాయంత్రం అతనే వచ్చి గడియారం బాగుచేద్దాం రమ్మని పిలుస్తాడు, చూస్తూ ఉండండి.'

హాల్లో మామగారు దాన్ని గట్టిగా చదువుకున్నారు. జవాబు వెంటనే వచ్చింది.

'మీరు మా అల్లుణ్ణి చూడలేదు, అందుకే అలా అంటున్నారు.'