తొంబై నానోమీటర్ల రొయ్య

కంటికి కనబడేవన్నీ మనిషి చూసేశాడనీ, ఇక చూడాల్సింది కనబడనివాటినేననీ పెద్దలు తీర్మానించి ఏడాదిన్నర అయింది. ఆ తీర్మానం పుణ్యమే వెంకటాచలం దాటాక హైవే పక్కన వెలసిన సూక్ష్మ నిర్ధారణ కేంద్రం. అందులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది. ఇనుప తుప్పునూ, సిమెంటు పొడినీ, రొయ్య మొప్పనూ అది ఏ వివక్షా లేకుండా లక్ష రెట్లు పెద్దవి చేసి చూపిస్తుంది.

యంత్రంతోపాటు ఒక నిబంధన కూడా దిగింది. రొయ్యల గుంటలో జబ్బు ఉందని అనుమానం వస్తే, ఎలక్ట్రాన్ స్థాయిలో రుజువయ్యేదాకా రైతు పట్టుబడి పట్టకూడదు, అంటే వల దించి పంట తీయకూడదు. సబబైన నిబంధనే. రొయ్యలకు తెలియజేయడం ఒక్కటే మరిచారు. తెల్లమచ్చ జబ్బు సోకిన గుంట నాలుగైదు రోజుల్లో ఖాళీ అవుతుంది.

బోగోలులో మా పక్కింటి దరియావలికి వరసగా రెండు పంటలు పోయాయి. ఇదీ పోతే గుంట వదిలేసి, ముత్తుకూరు కరెంటు ప్లాంటులో వాచ్‌మన్‌గా చేరాలని మాట కూడా అయిపోయింది. ఒక సోమవారం పొద్దున అతని గుంటలో పదకొండు రొయ్యలు గట్టు వారకు వచ్చి పక్కకు ఒరిగాయి. గంటలో అతను మా గుమ్మంలో ఉన్నాడు.

"సార్, మీరు కాలేజీ చదివినోళ్లు. ఈ ఫారం నింపి పెట్టాల."

చదివిన మాట నిజమే. కానీ మా ఇంట్లో ఫారాల శాఖ మా ఆవిడ కరుణాకుమారిది. ఆమె పోయి మూడేళ్లు. అప్పటినుంచి నేను ఇన్‌చార్జిగా ఉన్నాను.

ఫారం పద్నాలుగు పేజీలు. శాంపిల్ పేరు, శాంపిల్ తండ్రి పేరు (వర్తిస్తే), శాంపిల్ జీవమా, లోహమా, రెండూనా. ఏడో గడిలో 'సైజు' అని ఉంది.

"సైజెంత, దరియావలీ?"

"తొంబై సార్. మొన్ననే తూచి చూసినా."

90 అని రాశాను, గుండ్రంగా, ముచ్చటగా. కిలోకు తొంబై రొయ్యలు తూగుతాయని అర్థం. రొయ్య సైజు చెప్పడానికి మా తీరంలో ఇంకో పద్ధతి లేదు. గడి చివర చీమ తలకాయంత అక్షరాలతో 'నానోమీటర్లలో' అని అచ్చయి ఉందట. (దాన్ని చదవడానికి ఆ యంత్రమే కావాలి.)

చివరి పేజీలో సూచనలు. శాంపిల్ చచ్చి, ఎండి, బంగారు పూత వేయించుకుని యంత్రం ముందు హాజరు కావాలి. దరియావలి భార్య సర్దార్‌బీ ఇది విని చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

"రొయ్యకి బంగారమా అన్నా! ముప్పై ఏండ్ల నుంచి అడగతా ఉండా, నా ముక్కుపుడక మార్చినాడా ఈయన?"

"పూత పూస్తేనే మిషనుకు కనబడేది మే," అన్నాడు దరియావలి.

"అట్టయితే నాకూ పుయ్యి. నీకన్నా కనబడతా."

కేంద్రంలో పరిమాణ పరిశీలకులు సుశీల్ కుమార్ గారు ఫారం చదివి కళ్లజోడు తీశారు.

"తొంబై నానోమీటర్లు. ఇంత చిన్న రొయ్య ఇప్పటిదాకా రాలేదు. పై అంతస్తులో పెద్ద యంత్రానికి పోవాలి."

"అయ్యా, రొయ్యలు ఇదో, ఈ పెట్టెలోనే ఉండాయి," అన్నాడు దరియావలి. "వేలెడు పొడుగుండాయి. చూడండయ్యా."

"నేను ఫారం చూడాలి. రొయ్యను చూసే అధికారం నాకు లేదు."

పొరపాటు నాదని ఒప్పుకున్నాను. ఆయన మర్యాదగా తల ఊపారు. సవరణ కావాలంటే ఉపసంఘం రెండో గురువారం కూర్చుంటుందట. సవరణ వద్దంటే, రొయ్య కంటికి కనబడనంత చిన్నదని కళ్లారా చూసినవాళ్లు ఇద్దరు సంతకాలు చేయాలట.

ఆ సంతకాలేవో మేమిద్దరమే చేసి వరండాలోకి వచ్చాం. పెట్టెలో ఐసు కరుగుతోంది. శాంపిళ్లు తయారుచేసే లిల్లీ టీకి పోతూ మమ్మల్ని చూసి ఆగింది. ముందు నా కుర్చీని ఫ్యాను కిందికి లాగింది. తర్వాత లోపలినుంచి దోసెడు ఐసు తెచ్చి పెట్టెలో పోసింది. ఆ తర్వాతే అడిగింది.

"ఎన్ని పోయినాయన్నా?"

"పొద్దున పదకొండమ్మా. ఇప్పటికి ఎన్నో!"

ఒక రొయ్యను తీసుకుని, తల డిప్ప ఊడదీసి, కిటికీ వెలుతురుకు పట్టింది. డిప్ప మీద ముగ్గుపిండి చల్లినట్టు చుక్కలు.

"తెల్లమచ్చే. ఇంటికి పో అన్నా, మాపటికల్లా వల దించు. నీళ్లు మాత్రం కాలవలోకి వదలబాక. బ్లీచింగు కలిపి నిలబెట్టు."

"రిపోర్టు లేకుండానే?"

"రొయ్యలు ఆగతామంటే నువ్వూ ఆగు."

సాయంత్రానికి వల దిగింది. ముప్పాతిక పంట ఐసులోకి చేరింది. ముత్తుకూరు ప్లాంటు వాచ్‌మన్ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది.

నలభై మూడో రోజున రిపోర్టు వచ్చింది. ఫోటో నిజంగా అద్భుతం. మూడు వందల నానోమీటర్ల వైరస్‌లు గింజల్లా బారులు తీరి ఉన్నాయి. కింద నిర్ధారణ: "కనుగొన్న జబ్బు రొయ్య కంటే మూడు రెట్లు పెద్దది. కనుక అది రొయ్య లోపల ఉండే అవకాశం లేదు. గుంట ఆరోగ్యంగా ఉంది."

సర్దార్‌బీ పంట దక్కిన సంతోషంలో సేమ్యా వండి లిల్లీకి ఇవ్వడానికి వెళ్లింది. గేటు రిజిస్టరులో వచ్చిన పని అడిగితే, "లిల్లమ్మ కంటితో చూసి చెప్పింది, అందుకని" అని రాయించింది.

మర్నాడే లిల్లీకి మెమో. యంత్రం ఉండగా, అనుమతి లేని పరికరంతో (కన్ను) శాంపిల్‌ను ఎందుకు చూశారు? ఎన్ని రెట్లు పెద్దది చేసి చూశారు?

ఆమె జవాబు రాసింది: "ఒక రెట్టు."

కేంద్రం వారం తిరక్కుండా బదులిచ్చింది. "ఆ స్థాయిలో చూడటానికి ఇక్కడ ఏ ఏర్పాటూ లేదు."